‘ఇంట్రెస్టెడ్’ గారికి ఒక రిక్రూటర్ విన్నపం

మారతహళ్లి, బెంగళూరు.

మహారాజశ్రీ ‘ఇంట్రెస్టెడ్’ గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి.

తమరు క్షేమంగా ఉన్నారా అని వేరే అడగనక్కరలేదు. ఈ ఉదయం తొమ్మిదిన్నరకు, వృత్తి పరిచయాల సైటైన లింక్డ్‌ఇన్‌లో నేను పెట్టిన ఉద్యోగ ప్రకటన కింద, కామెంట్ల రూపంలో, మధ్యాహ్నం ఆంధ్రా మెస్సులో భోజనానికి లేచేలోపే తమరు 412 సార్లు దర్శనమిచ్చారు. కొన్నిచోట్ల ఒంటరిగా వచ్చారు, కొన్నిచోట్ల ‘సర్’ను వెంటబెట్టుకుని వచ్చారు, ఒకచోట ‘మేడమ్’ను కూడా తీసుకొచ్చారు. (నా ఫొటోలో గుబురు మీసాలున్నాయి. చూసే తీరిక ఎవరికుంది?) ఖాళీగా ఉన్నది ఒక్కటే ఉద్యోగం. దానికి మనిషి ఇంచుమించు ఖరారైపోయాడు కూడా. అయినా ప్రకటన ఎందుకు పెట్టావని తమరు అడగరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, తమరు అడిగినట్టే ఉంటారు. ఏ పని అడిగారో, అడిగినవారికి ఏ పని వచ్చో, ఏ ఊళ్లో ఉంటారో మాత్రం తమరిని చూసి ఎవరూ చెప్పలేరు.

నా గురించి రెండు మాటలు. మాది మదనపల్లె. 2013లో బెంగళూరు వచ్చి, కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే ఒక కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా చేరాను. అప్పటికి ఈ వృత్తిలో తమరికి పనే లేదు. ఉద్యోగాల సైటు నౌక్రీ డాట్ కామ్ 1997లోనే పుట్టి ఉండడంతో, అందులోని రెజ్యుమేల గుట్టలో ‘జావా’ ఉండాలి, ‘స్ప్రింగ్’ ఉండాలి (రెండూ ప్రోగ్రామింగు విద్యలు), ‘ట్రైనర్’ ఉండకూడదు అని షరతులు పెట్టి వెతకడం, దొరికిన నంబరుకు ఫోన్ చేసి ప్రస్తుత సీటీసీ (ఏడాది మొత్తం జీతం) ఎంత, ఆశిస్తున్నది ఎంత, నోటీస్ పీరియడ్ (పాత ఉద్యోగం వదలడానికి పట్టే గడువు) ఎన్ని రోజులు అని అడగడం, రోజుకు అరవైసార్లు ఇదే జపం చేసి సాయంత్రానికి ఎక్సెల్ షీట్ నింపడం మా ఉద్యోగంగా ఉండేది. క్రెడిట్ కార్డులు అమ్మేవారికి దొరికే మర్యాదే మాకూ దొరికేది, అంటే సగం మంది మాట పూర్తికాకముందే ఫోన్ పెట్టేసేవారు. అటువంటి మాకు ఇవాళ అభిమానులున్నారు. పండక్కి మదనపల్లె బస్సెక్కితే పక్క సీటులోని కుర్రవాడు ‘అన్నా, మీ పోస్టులు చూస్తుంటానన్నా’ అంటున్నాడు. ఈ వైభవమంతా తమరి చలవే.

లింక్డ్‌ఇన్ అనే ఈ సంత 2003 మే 5న తెరుచుకుంది. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2023లో ఒక్క భారతదేశంలోనే సభ్యులు 10 కోట్లు దాటారు. ఇందులో ఒక మనిషికి 30,000 మందికి మించి కనెక్షన్లు ఉండకూడదన్న హద్దు ఉంది, వెంట నడిచే ఫాలోయర్లకు మాత్రం ఆ హద్దు లేదు. చుట్టాలకు లెక్క ఉంది గానీ జాతరకు లేదన్నమాట. ఆ కిటుకు తెలిసిన రోజున మా మేనేజరు మీటింగు పెట్టి, ఇకమీదట మనం అభ్యర్థుల్ని వెతకడం మానేద్దాం, వాళ్లే మనల్ని వెతుక్కుంటూ రావాలి, అందుకని ప్రతి రిక్రూటరూ తనదైన ప్రేక్షకవర్గాన్ని పెంచుకోవాలి అని ఆజ్ఞాపించారు. పేరు కింద హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటుంది కనుక, అప్పటిదాకా ‘కన్సల్టెంట్’ అని ఉన్నచోట నేను ‘కలలకూ కంపెనీలకూ ముడివేసే పురోహితుడిని’ అని రాసుకున్నాను. వారం గడిచినా ఎవరూ రాలేదు. దిక్కులు చూస్తుండగా తమరు దొరికారు.

తమరి మహిమ ఎక్కడుందో కాస్త వివరంగా రాస్తాను, తమరిని రోజూ రాసేవారిలో చాలామందికి ఇది తెలియదు. ఒక పోస్టు కింద ఎవరైనా కామెంట్ పెడితే, ‘ఫలానావారు దీనిపై కామెంట్ చేశారు’ అన్న పరిచయంతో ఆ పోస్టు వారికి తెలిసినవారు తెరిచినప్పుడు కనిపించే పోస్టుల వరుసలోకి, అంటే ఫీడ్‌లోకి వెళ్లే అవకాశం పెరుగుతుంది. రెజ్యుమే ఈమెయిల్‌కు పంపండి అని నేను రాస్తే, వచ్చిన మెయిళ్లు నా ఇన్‌బాక్సులో మౌనంగా పడి ఉంటాయి, వాటివల్ల నా పోస్టు అంగుళం కూడా కదలదు. ‘ఆసక్తి గలవారు కింద ఇంట్రెస్టెడ్ అని రాయండి’ అని రాస్తే మాత్రం ప్రతి నిరుద్యోగీ ఒక బోయీ అవుతాడు. తమరు పల్లకి కర్ర, వారిది భుజం, లోపల కూర్చుని విసనకర్ర ఆడించుకునేది నేను. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో రాత్రి పది దాటాక చూడాలి, మంచాల మీద వరసగా కూర్చున్న కుర్రాళ్లు ఒక పోస్టు తర్వాత ఒక పోస్టు కింద తమరిని ఎంత శ్రద్ధగా రాస్తుంటారంటే, మా నాయనమ్మ రామకోటి రాసినప్పుడు కూడా అంత శ్రద్ధ నేను చూడలేదు.

ఈ పల్లకి ఎవరి వీధి గుండా పోతుందో మోసేవారికి తెలియదు. నాకు తెలిసిన ఒక నెల్లూరు అబ్బాయి, బెళ్లందూరులోని తన ఆఫీసులో ఎవరికీ అనుమానం రాకుండా వేరే ఉద్యోగం చూసుకుంటున్నాడు. 2020లో వచ్చిన ‘ఓపెన్ టు వర్క్’ (పని కావాలి) అనే ఆకుపచ్చ వలయాన్ని ఫొటో చుట్టూ పెట్టుకోకుండా, రిక్రూటర్లకు మాత్రమే కనిపించే ఏర్పాటు ఎంచుకున్నంత జాగ్రత్తపరుడు. అంతటివాడూ ఒక రాత్రి నా పోస్టు కింద తమరిని రాసి పడుకున్నాడు. తెల్లారేసరికి ఆ పోస్టు అతని టీమ్ లీడ్ ఫీడ్‌లో ప్రత్యక్షమైంది. టీమ్ లీడ్ గారు ఏం చేశారంటే, అబ్బాయి కామెంట్ కిందనే తానూ తమరిని రాశారు. ఆ ఉదయం స్టాండప్ మీటింగులో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిన్న చేసిన పని, ఇవాళ చేయబోయే పని అప్పజెప్పారట.

ఉద్యోగ ప్రకటనలొక్కటే అయితే జనం నిలబడరు, మధ్యమధ్య పిట్టకథ చెప్పాలి. అక్కడే మా వృత్తి హరికథకు దగ్గరైంది. పోస్టుకు 3,000 అక్షరాల వరకు చోటున్నా, చదువరికి మొదట కనిపించేది రెండు మూడు పంక్తులే, మిగతాదంతా తెరచాటున ఉంటుంది. ఆ తెర తీయించడానికే మేము మొదటి పంక్తులను చెక్కుతాం. ‘నిన్న ఒక అభ్యర్థి ఇంటర్వ్యూకు 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు.’ ఒక ఖాళీ పంక్తి. ‘అయినా అతన్నే ఎంపిక చేశాను.’ మరో ఖాళీ పంక్తి. ‘కారణం తెలిస్తే మీ కళ్లు చెమరుస్తాయి.’ ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి దాటి వచ్చే మనిషి నలభై నిమిషాలే ఆలస్యమయ్యాడంటే బెంగళూరులో అతను ముందుగా వచ్చినట్టు లెక్క, అందులో కన్నీటికి చోటెక్కడుందో రాసిన నాకే తెలియదు. పైగా ఆ అభ్యర్థి అసలు పుట్టనేలేదు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. అయితే చదివేవారు ఒక పోస్టు దగ్గర ఎంతసేపు ఆగారన్నది కూడా లెక్కలోకి తీసుకుంటామని ఆ సంస్థ ఇంజనీర్లే 2020లో రాశారు కనుక, పాఠకుణ్ని ఖాళీ పంక్తుల మధ్య తిప్పడం మాకు వృత్తిధర్మమైంది. చివర ‘మీరేమంటారు?’ అని ఆగుతాం. హరిదాసు గారు చిడతలు ఆపి ‘శ్రీమద్రమారమణ గోవిందో హరి’ అనగానే పందిరంతా ‘గోవిందా’ అన్నట్టు, కింద ‘నిజం సర్’, ‘అక్షర సత్యం సర్’ అని మోగిపోతుంది. తెలుగులో గోవిందా అనే మాటకు రెండో అర్థం కూడా ఉందని మోగించేవారికి ఆ క్షణాన గుర్తుండదు.

పందిట్లో మొదటి గోవింద ఎవరో ఒకరు అనాలి కదా, దానికీ ఏర్పాటుంది. మా కన్సల్టెన్సీలో రిక్రూటర్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పోస్టు పడిన మొదటి గంటే కీలకమన్న నమ్మకంతో, ఎవరు ఏది రాసినా లింకు అందులో వేస్తారు, మిగిలినవారు చేతిలో పని వదిలేసి వెళ్లి వంత పాడతారు. గత నెలలో ఒక సహోద్యోగి తన తాతగారు కాలం చేశారని రాసి, అలవాటు కొద్దీ ఆ లింకునూ గ్రూపులో వేశాడు. పది నిమిషాల్లో నలుగురు ‘అద్భుతమైన విషయం, పంచుకున్నందుకు ధన్యవాదాలు’ అని రాశారు. అందులో నేనూ ఉన్నాను.

తమరి తోడల్లుడు సీఎఫ్‌బీఆర్ గారిని మరిచిపోతే ఆయన నొచ్చుకుంటారు. ‘మరింత మందికి చేరాలని కామెంట్ పెడుతున్నాను’ అనే అర్థం వచ్చే నాలుగు ఇంగ్లీషు మాటలకు పొట్టి రూపం ఆయన. ఎవరైనా ఉద్యోగం పోయిందని రాసుకుంటే ఫోన్ చేసి పలకరించడం కష్టం, రెజ్యుమే తీసుకెళ్లి తన మేనేజరు ముందు పెట్టడం ఇంకా కష్టం, ఈ నాలుగు అక్షరాలు కొట్టి దానం చేసిన తృప్తితో కాఫీకి లేవడం బహు సులువు. అత్త సొమ్ము అల్లుడు దానం అన్న సామెత ఈయనను చూసే పుట్టి ఉండాలి.

తమరి మీద పెద్దలకు కోపం లేకపోలేదు. లైకులూ కామెంట్లూ దేబిరించే పోస్టులను కిందికి తోస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది, లింక్డ్‌ఇన్ కూడా 2022 మే నెలలో అదే మాట చెప్పింది. తమరు కంగారు పడలేదు, వేషం మార్చారు. ఇప్పుడు మా పోస్టులు ‘500 మంది హెచ్‌ఆర్‌ల ఈమెయిళ్లు కావాలా? కింద లిస్ట్ అని రాయండి, డీఎం (నేరుగా మెసేజ్) చేస్తాను, ముందు ఫాలో కావడం మరవకండి’ అని పలుకుతున్నాయి. లిస్ట్ అన్నా, గైడ్ అన్నా, పీడీఎఫ్ అన్నా తమరి దశావతారాలే. ఊరంతా తిరుగుతున్న ఆ జాబితాను నేను ఒకసారి తెరిచి చూశాను. అందులో 2017లో నేను వదిలి వచ్చిన ఆఫీసులోని నా పాత ఈమెయిల్ కూడా ఉంది.

మా నాన్నగారి కాలంలో ఈ పనికి ఉపాధి కల్పనా కార్యాలయం ఉండేది. రెన్యువల్ ముద్రలతో నిండిన ఆయన కార్డు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఇప్పటికీ భద్రంగా ఉంది. 1959లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలూ, 25 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఆ కార్యాలయానికి ముందుగా తెలియజేయాల్సి ఉండేది. అక్కడినుంచే మనిషిని తీసుకోవాలన్న నిర్బంధం మాత్రం అందులో ఉండేది కాదు. కాబట్టి ఖాళీ చూపించి చెయ్యి చూపించడం మేము కొత్తగా కనిపెట్టిన విద్య కాదని మనవి చేసుకుంటున్నాను. అయితే ఆ కార్డు మీద కనీసం నాన్నగారి పేరు, చదువు, ఒక వరుస సంఖ్య ఉన్నాయి. నా పోస్టు కిందికి చూస్తే నాకు పెళ్లిపందిట్లో చదివింపుల పుస్తకం గుర్తుకొస్తుంది. వచ్చిన ప్రతివారూ తమకున్నది చదివించి పోతున్నారు, మేము నూటపదహార్ల లెక్కన రాసుకుంటున్నాం, వంటశాలలో మాత్రం పొయ్యి వెలిగించనే లేదు.

మా ఆఫీసులోనే హిందూపురం అక్క ఒకరున్నారు. ఆమె పోస్టుల్లో కథ ఉండదు, ఖాళీ పంక్తులుండవు, తమరి ప్రస్తావన అసలే ఉండదు. కుందలహళ్లి దగ్గర ఆఫీసు, వారానికి మూడు రోజులు రావాలి, ఖాళీలు రెండు, నాలుగు నుంచి ఆరేళ్ల అనుభవం కావాలి, జీతం 14 నుంచి 18 లక్షలు, ఇంటర్వ్యూలు మూడు రౌండ్లు, శుక్రవారం సాయంత్రంలోపు మెయిల్ చేయండి అని ఉంటుంది, అంతే. శనివారం ఉదయం ఆమె అదే పోస్టు తెరిచి ‘దరఖాస్తులు ముగిశాయి’ అని దిద్దుతారు, మనిషి చేరాక ‘భర్తీ అయింది’ అని మళ్లీ దిద్దుతారు. ఇంటర్వ్యూ దాకా వచ్చి ఎంపిక కానివారికి ఎందుకు కాలేదో రెండు వాక్యాలు రాస్తారు. జీతం బయటపెట్టారని ఒక క్లయింటు గొడవ చేస్తే, జీతం రాయని పాత పోస్టుకు వచ్చినవారిలో ఎంతమంది చివరి రౌండులో అంకె విని వెనక్కి పోయారో షీటు తెరిచి చూపించారు. ఆమె పోస్టుకు పదకొండు లైకులు వస్తాయి. అందులో ఒకటి నాది, ఒకటి వాళ్ల ఆయనది. కానీ ఆరేళ్ల కిందట ఆమె చేర్పించినవారు ఇవాళ తమ టీములో ఖాళీ ఏర్పడితే ముందు ఆమెకే ఫోన్ చేస్తారు, ఎంపిక కానివారు తమ తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఆమె దగ్గరికే పంపుతారు, ఆఫర్ లెటర్ పుచ్చుకుని చేరవలసిన రోజున ఫోన్ ఆపేసుకునేవారు ఆమె లెక్కలో అరుదు. మా నెలాఖరు నివేదికలో ఇంప్రెషన్లకు (పోస్టు ఎన్నిసార్లు కనిపించిందో ఆ లెక్కకు) ఒక గడి, కామెంట్లకు ఒక గడి, కొత్త ఫాలోయర్లకు ఒక గడి ఉన్నాయి. అక్క చేసే పనికి గడి లేదు. అందుచేత పోయిన మూడు నెలలకు ఉత్తమ రిక్రూటర్ అని శాలువా కప్పింది నాకు. ఆ మూడు నెలల్లో నా పోస్టుల ద్వారా ఉద్యోగంలో చేరినవారు ఇద్దరు, వారిలో ఒకరు అక్కకు పంపవలసిన మెయిల్ పొరపాటున నాకు పంపినవారు.

కాబట్టి నా విన్నపం ఏమిటంటే, తమరు కొంతకాలం సెలవు పెట్టాలి. అది వీలుపడకపోతే, కనీసం ఒంటరిగా రావడం మానుకోవాలి. చేసే పని, చేసిన ఏళ్లు, ఉంటున్న ఊరు, నోటీస్ పీరియడ్ అనే నలుగురినీ వెంటబెట్టుకుని, పోస్టు కిందికి కాకుండా నేరుగా మెయిల్‌కు దయచేయాలి. తమరు మెయిల్‌కు వస్తే వచ్చే నెల నా గడులు ఖాళీగా ఉంటాయని తెలిసీ ఇంత ధైర్యంగా రాస్తున్నాను. శాలువా ఎలాగూ తిరిగి అడగరు.

ఇట్లు,
తమరి చలవవల్ల ప్రసిద్ధుడైన
ఒక రిక్రూటర్

తా.క.: రాత్రి ఈ లేఖ ముగించి పడుకోబోతుండగా ఫోన్ టింగుమంది. 2021లో, కోవిడ్ రెండో విడత రోజుల్లో, నేను పెట్టిన ఒక పోస్టు కింద ఎవరో కుర్రవాడు ‘ఇంట్రెస్టెడ్ సర్, ప్లీజ్’ అని రాశాడు. ఆ ఉద్యోగంలో చేరిన మనిషి ఈపాటికి రెండు కంపెనీలు మారాడు, ఆ కంపెనీ ఔటర్ రింగ్ రోడ్డులోని ఆ భవనమే ఖాళీ చేసి వెళ్లిపోయింది. అక్కను తలచుకుని, ఈ వృత్తిలో మొదటిసారిగా ‘ఇది 2021లోనే భర్తీ అయింది తమ్ముడూ, క్షమించు’ అని అక్కడే జవాబు రాశాను. నేను రాసిందీ కామెంటే కదా, పోస్టు మళ్లీ కదిలింది. తెల్లారేసరికి తమరు మరో 17 సార్లు వచ్చి ఉన్నారు. వాటిలో ఒకటి సరిగ్గా నా జవాబు కిందనే ఉంది.