పెద్ద నంబరు నాదే

డేటాబేసులో కొత్త వరుస రాశాక దాని నంబరు తెలుసుకోవడానికి మనవాళ్లకు ఒక సనాతన మార్గముంది. ఇన్సర్ట్ (వరుస రాసే ఆదేశం) కొట్టు, ఆ వెంటనే మ్యాక్స్ ఐడీ అడుగు. అన్నిటికన్నా పెద్ద నంబరు నీదే. ఎందుకంటే ఆ క్షణాన లోకంలో ఉన్నది నువ్వొక్కడివే. ఈ మార్గాన్ని కొందరు ఆడిపోసుకుంటున్నారు గనుక, దాని తరఫున నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

మిర్చి సీజన్లో వరంగల్‌లో ఒక అడ్తి దుకాణం. రెండు కౌంటర్లు, రెండు కంప్యూటర్లు. ఇటు చపాటా రకం మిర్చి తెచ్చిన రైతు, అటు తేజ రకం తెచ్చిన రైతు. ఇద్దరి ఎంట్రీలూ రెప్పపాటు తేడాతో పడ్డాయి: 4117, 4118. ఆ తర్వాత రెండు కంప్యూటర్లూ "పెద్దదేది?" అన్నాయి. డేటాబేసు అబద్ధమాడదు. ఇద్దరికీ 4118 అనే చెప్పింది.

"సారూ, నేను తెచ్చింది చపాటా. చీటీల తేజ అని ఎట్లొచ్చింది?"

"ఏమో పెద్దాయనా, టెస్టు చేసినప్పుడు మంచిగనే వచ్చె."

నిజమే. టెస్టు చేసింది ఆదివారం, ఒక్కడే. 2025లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న చపాటాను సాఫ్ట్‌వేరు గుర్తించకపోవడం చిన్న విషయం.

విమర్శకులేమో గుడి ముందు చెప్పుల స్టాండు తాతను చూసి నేర్చుకోమంటారు. చెప్పులు అందుకుంటూనే టోకెను చేతిలో పెడతాడట. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు 2006 నుంచీ చేస్తున్నదదే: ఇన్సర్ట్ చివర రిటర్నింగ్ అని రాస్తే, రాసిన వరుసే తిరిగొస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేసులో లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ ఎవరి కనెక్షన్‌కు వాళ్లదే చెబుతుంది, పక్క కౌంటరువాడు వెయ్యి వరుసలు తోసినా సరే. (ఒకేసారి పది వరుసలు వేస్తే మాత్రం మొదటిదాని నంబరిస్తుంది. మనవాళ్లు దాన్నే పదోదనుకుని ముందుకు పోతారు.)

మరీ ఇంత అనుమానమా? దర్శనం చేసుకుని బయటికొచ్చి, చివర విడిచిన జోడు వేసుకుని పోతే ఏం మునిగింది? కాలికి పట్టకపోతే అది కాలి లోపం.

అన్నట్టు, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మరో డేటాబేసులో రెండు ఎట్‌లు (@@) పెట్టి ఐడెంటిటీ అడిగే భక్తులున్నారు. టేబుల్ మీద ట్రిగ్గరుండి (వరుస పడగానే దానంతటదే నడిచే కోడ్), అది జరిగింది నమోదు చేసే లాగ్ టేబుల్లో ఒక వరుస రాస్తే, ఆ లాగ్ నంబరే మన చేతికొస్తుంది. చెప్పులడిగితే తాత లెక్కల పుస్తకంలో పేజీ నంబరు చెప్పినట్టు. స్కోప్ ఐడెంటిటీ అని అడిగితే మన వరుస నంబరే వచ్చేది, కానీ అక్షరాలు ఎక్కువ.

దుకాణంవాళ్లు మాత్రం ఒక్క పూటలో సమస్య తేల్చేశారు. కోడ్ జోలికి పోలేదు. రెండో కౌంటర్ మూసేశారు. ఇప్పుడు మ్యాక్స్ ఐడీ ఒక్కసారి కూడా తప్పడం లేదు. చపాటా పెద్దాయన తన వంతు కోసం గేటు బయట బస్తా మీద కూర్చున్నాడు.