బాలికల మరుగుదొడ్డి తాళం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తాళం గారికి,

ఎనిమిదో తరగతి అమ్మాయి తల్లి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని రోజూ పొద్దున్న పిల్లని దింపేటప్పుడు కాంపౌండ్ గోడ మీదుగా చూసి తెలుసుకుంటూనే ఉన్నాను. వానలకి కాస్త తుప్పు పట్టారు కానీ, పట్టు మాత్రం సడల్లేదు.

మా హైస్కూల్లో మీ అంత నిక్కచ్చిగా డ్యూటీ చేసేవాళ్లు ఇంకొకరు లేరు. సార్లకి ఎలక్షన్ డ్యూటీలుంటాయి, ట్రైనింగులుంటాయి, డెప్యుటేషన్లుంటాయి. బడికి వచ్చామని చెప్పుకోవడానికి పాపం రోజూ ఫోనుకి మొహం చూపించాలి. సిగ్నల్ అందక సోషల్ సారు సెల్ పైకెత్తుకుని వేపచెట్టు చుట్టూ తిరుగుతుంటే, మీరు మాత్రం ఏ యాప్ అక్కర్లేకుండా గడియకి నిబ్బరంగా వేలాడుతుంటారు. సెలవు పెట్టరు. పీఆర్‌సీ అడగరు. ట్రాన్స్‌ఫర్ కౌన్సెలింగ్ వస్తే ఎవర్నీ పట్టుకోరు. ఒంటి మీద అలీగఢ్ అని అచ్చు ఉంది కాబట్టి స్థానికేతరులే, అయినా ఊళ్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మీ తాళంచెవి గురించి విడిగా చెప్పుకోవాలి. అది హెడ్మాస్టరు గారి గదిలో, బీరువా పక్కన మేకుకి ఉంటుంది. పోకుండా దానికి అరిగిపోయిన డస్టరు చెక్క ఒకటి కట్టి, చెక్క మీద స్కెచ్ పెన్నుతో ‘బాలికలు’ అని రాశారు. ఇప్పుడు పన్నెండేళ్ల పిల్లకి అవసరం వచ్చిందనుకోండి. ముందు క్లాసులో చెయ్యెత్తాలి. సారు పాఠం ఆపి "ఏంటమ్మా?" అంటారు. ఆ పిల్ల ఏం చెప్పకుండా నేలకేసి చూడాలి. సారుకి అర్థమై "సరే వెళ్లు" అనాలి. ఆ తర్వాత వరండా పొడుగునా నడిచి, పదో తరగతి మగపిల్లల కిటికీ దాటి, హెడ్మాస్టరు గారి గదిలో ఎవరెవరు కూర్చుని ఉంటే వాళ్లందరి ముందూ ఆ చెక్క తీసుకోవాలి. డస్టరు చెక్క చేత్తో పట్టుకుని మళ్లీ అదే వరండాలో వెనక్కి రావాలి. మైకులో చెప్పించినా ఇంత బాగా తెలీదు అందరికీ. హెడ్మాస్టరు గారు మండలం మీటింగ్‌కి వెళ్లిన రోజైతే ఆ గదికే తాళం. అది ఎప్పుడు తెరుచుకుంటుందో ఎమ్ఈవో గారి ఉపన్యాసం ఎంతసేపు సాగుతుందో దాన్నిబట్టి ఉంటుంది.

అందుకని మా అమ్మాయిలు ఒక ఉపాయం కనిపెట్టారు. నీళ్లు తాగడం మానేశారు.

బడిలో వాటర్ బెల్ కొడతారు. ఎండలకి పిల్లలు సొమ్మసిల్లి పడిపోకుండా గంట కొట్టి మరీ నీళ్లు తాగించే పద్ధతి, మంచిదే. బెల్ మోగగానే అమ్మాయిలు సీసా మూత తీస్తారు, పెదాలు తడుపుకుంటారు, మూత పెట్టేస్తారు. పొద్దున్న నేను నింపిచ్చిన స్టీలు సీసా సాయంత్రం దాదాపు అదే బరువుతో ఇంటికొస్తుంది. పిల్ల బ్యాగు గుమ్మంలో పడేసి, చెప్పులు కూడా విప్పకుండా "అమ్మా, అడ్డు లే" అంటూ బాత్రూమ్‌లోకి ఒకటే పరుగు. ఈ మధ్య మంట మంట అంటే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ మందులు రాసి, కింద ‘నీళ్లు బాగా తాగాలి’ అని గీత కొట్టి మరీ ఇచ్చింది. ఆ చీటీ చూపించాల్సింది పిల్లకి కాదు, మీకు.

ఇక నెలలో ఆ మూడు రోజుల సంగతి. స్వేచ్ఛ అని పేరు పెట్టి మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో బళ్లలో న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇచ్చేచోటు ఉంది. మార్చుకునేచోటు మీ ఆధీనంలో ఉంది. కాబట్టి ఆ రోజుల్లో పిల్లలు ఇంటి దగ్గరే. హాజరు 75 శాతం లేకపోతే, పిల్లని బడికి పంపినందుకు తల్లి ఖాతాలో వేసే పథకం డబ్బులు పడవని మాకు నిబంధన పెట్టారు. ఆ హాజరు ఎక్కడ కోసుకుపోతోందో చూడ్డానికి మాత్రం మీ గుమ్మం దాకా ఎవరూ రాలేదు.

మీ మీద చట్టాలు లేకపోలేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆడపిల్లలకీ మగపిల్లలకీ విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలని దాని షెడ్యూల్లోనే రాశారు. 2012లో సుప్రీంకోర్టు ఆరు నెలలు గడువిచ్చింది. 2014 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీద నుంచి ఏడాది గడువు పెట్టారు. ఏడాది తిరిగేసరికి దేశమంతా కట్టేశామని లెక్క తేల్చారు కూడా. తర్వాత ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాళ్లు, ప్రభుత్వరంగ సంస్థలు కట్టించిన వాటిలో కొన్నిటిని స్వయంగా వెళ్లి చూసి 2020లో రిపోర్టు ఇచ్చారు. చూసిన వాటిలో 72 శాతానికి లోపల నీళ్లు రావడం లేదు, 55 శాతం దగ్గర చేతులు కడుక్కునే ఏర్పాటు లేదు, 30 శాతం అసలు వాడకంలోనే లేవు. కొన్నిచోట్ల కాగితం మీదున్న మరుగుదొడ్డి ఎంత వెతికినా కనబడలేదు. అక్కడ మీవాళ్లకి ఉపాధి కూడా లేకుండా పోయింది, పాపం. కట్టిన మరుగుదొడ్డికి పగటిపూట తలుపు తీసి ఉంచాలని విడిగా రాయాల్సి వస్తుందని చట్టం రాసినవాళ్లకి తట్టి ఉండదు.

మా బడికి మాత్రం కట్టడంలో ఏ లోటూ చెయ్యలేదు. 2019 నవంబర్ 14న ఒంగోలులో బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టినప్పుడు చేయాల్సిన పనుల జాబితాలో మొదటిదే నీటి వసతితో మరుగుదొడ్లు. టైల్సు వేశారు, పింగాణీ పెట్టారు, పైన ట్యాంకు పెట్టారు. నిజం చెప్పొద్దూ, మా ఇంట్లో కూడా అలాంటి టైల్సు లేవు. కట్టడానికి డబ్బు ఎక్కడో అక్కడ దొరుకుతుంది తాళం గారూ. శిలాఫలకం ఉంటుంది, రిబ్బన్ ఉంటుంది. రోజూ కడగడానికి ఏ ఫలకమూ ఉండదు కదా.

కడగడానికి డబ్బు ఎవరిచ్చారంటే, మేమే. తల్లుల ఖాతాలో వేసే ఆ పథకం పేరు అప్పట్లో అమ్మ ఒడి, ఏడాదికి 15,000 అన్నారు. 2021 జనవరిలో అందులోంచి మరుగుదొడ్ల నిర్వహణకని వెయ్యి పట్టుకున్నారు. తర్వాతి విడతకి పట్టుకునేది రెండు వేలయింది. ప్రభుత్వం మారింది. పథకం తల్లికి వందనం అయింది. 2025 జూన్‌లో ఖాతాలో పడింది 13,000. అసెంబ్లీలో ఏ ఒక్క విషయం మీదా కుదరని ఏకాభిప్రాయం మా రెండు వేల దగ్గర కుదిరింది. అంటే ఆ పింగాణీలో, ఆ ఫినాయిల్లో, బహుశా మీలో కూడా నా వాటా ఉంది. టికెట్ కొన్నవాణ్ని హాలు గేటు బయటే నిలబెట్టి లోపల ఖాళీ కుర్చీలకి సినిమా వేస్తున్నట్టుంది మీ వ్యవహారం.

ఆ డబ్బు మా బడిదాకా ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని అడిగితే హెడ్మాస్టరు గారు ఫ్యాన్ వైపు చూశారు. ఆయన చేతిలో ఉండేది సమగ్ర శిక్ష నుంచి వచ్చే స్కూల్ గ్రాంటు. 101 నుంచి 250 మంది దాకా పిల్లలున్న బడికి ఏడాదికి 50,000. అందులో కనీసం పది శాతం శుభ్రత కోసం వాడాలని నిబంధన. అంటే 5,000. నెలకి నాలుగు వందల పదహారు రూపాయలు. దీంతో ఫినాయిల్, బ్లీచింగ్, చీపుళ్లు, విరిగిన కుళాయి, కాలిపోయిన మోటారు. ఇక మన ఆయా. నెలకి 6,000 అన్నారు ఆవిడకి. ఏ నెల జీతం ఏ నెలలో వస్తుందో ఆవిడ పంచాంగంలో కూడా దొరకదు. ఇంత మంది వాడే దొడ్లు ఒక్క మనిషి, గ్లౌజులు లేకుండా, ఒక్క బకెట్టుతో కడగాలి. అంతా ఆవిడ ఒక్కదాని వల్ల కాదు. కాబట్టి తాళం వేస్తారు. మీరు ఉద్యోగంలోకి వచ్చింది అలా. ఆవిడకి ఇవ్వాల్సిన జీతం కంటే మీ ఖరీదు తక్కువ.

మీ వల్ల ఒరిగిన లాభాలు కూడా చెప్పకపోతే అన్యాయం. మొన్నటి ప్రభుత్వంలో సార్లు రోజూ మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాలి. ఎమ్మెస్సీ బీఈడీ చదివిన మనిషి పొద్దున్నే ప్రార్థన కాకముందే ఫోన్ పట్టుకుని దొడ్డి గుమ్మంలో నిలబడటం మేం కళ్లారా చూశాం. సంఘాలవాళ్లు గోలచేశారు. తర్వాత ఆ పని వాళ్లకి తప్పించారు, మంచిదే అయింది. కానీ ఆ రోజుల్లో మా బడి ఫొటోలు అద్దంలా ఉండేవట. ఎందుకుండవు? ఎవరూ వాడని మరుగుదొడ్డిని మించిన శుభ్రమైన మరుగుదొడ్డి ఈ భూమ్మీద ఉండదు. ఆ మార్కులన్నీ మీ ఖాతాలో వెయ్యాలి.

మీరు సెలవు తీసుకోగా చూసింది మాత్రం మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజునే. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు పెట్టారు కదా. తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి తాడు లాగుడు. ఆ పూట మరుగుదొడ్డి తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో ముగ్గు. లోపల కొత్త బకెట్టు, ఒంటి మీద రేటు స్టిక్కరు ఇంకా ఊడలేదు. కొత్త మగ్గు. కాగితం విప్పని సబ్బు. ఫినాయిల్ వాసన గేటు దాకా. పక్కన కూర్చున్న ఇంకో అమ్మాయి తల్లి నా మోచెయ్యి లాగి, "పద అక్కా, ఓసారి వెళ్లొద్దాం, మళ్లీ ఎప్పుడు తీస్తారో ఏమో" అంది. వెళ్లొచ్చాం. బాగుంది. భోజనాలయ్యి, గ్రూపు ఫొటో అయ్యి, నాయకుల బళ్లు రోడ్డెక్కాయో లేదో, మీరు మళ్లీ డ్యూటీలో చేరిపోయారు. బకెట్టు స్టిక్కరుతో సహా స్టాఫ్‌రూమ్‌కి బదిలీ అయింది.

హెడ్మాస్టరు గారు చెడ్డవాడేం కాదు, అది కూడా రాయాలి. "ఏం చెయ్యమంటావమ్మా, రాత్రిళ్లు గోడ దూకి వచ్చి లోపల మందు తాగుతున్నారు. కుళాయిలు ఊడబీక్కుపోయారు. మొన్న ఫ్లష్ డబ్బా కూడా పోయింది. ఎవడైనా ఆఫీసరొచ్చి చూస్తే మెమో వచ్చేది నాకే కదా" అన్నారు. ఇందులో అబద్ధం లేదు. గోడ పక్కన సీసాలు మేమూ చూశాం. అవి ఎవరి పిల్లలవో కూడా ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కానీ ఆ దొంగలు వచ్చేది రాత్రి. గోడ దూకినవాడికి మీరొక లెక్కా? రాయి పుచ్చుకుని ఒక్కటేస్తే మీ పని అయిపోతుంది, మర్నాడు అదే కంపెనీ నుంచి మీ తమ్ముడొస్తాడు. ఇప్పటిదాకా మీరు నిజంగా ఆపగలిగింది జడలేసుకున్న పిల్లల్ని మాత్రమే.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగంమంది ఆడవాళ్లుండాలనీ చట్టంలో ఉంది. 2024 ఆగస్టు 8న ఎన్నికలు జరిగితే నేనూ మెంబర్నయ్యాను. మీటింగ్ అంటే టీ, రెండు బిస్కెట్లు, సంతకానికి రిజిస్టరు. తీర్మానాలు ముందే రాసి ఉంటాయి, చదవడానికి అద్దాలు తెచ్చుకునేలోపు అయిపోతుంది. ఈసారి ఎనిమిది, తొమ్మిది తరగతుల తల్లులం కలిసి ఓ తీర్మానం ముందే రాసుకున్నాం. మీకు సంబంధించిందే కాబట్టి నకలు పంపుతున్నాను.

"పాలనా సౌలభ్యం దృష్ట్యా శ్రీ తాళం గారిని బాలికల మరుగుదొడ్డి తలుపు నుంచి బదిలీ చేసి, కాంపౌండ్ ఇనుప గేటు వద్ద రాత్రి విధులకు నియమించడమైనది. పనివేళలు సాయంత్రం 5 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు. తాళంచెవి ఆయా గారి వద్ద ఉండును. డస్టరు చెక్కను తక్షణమే విధుల నుంచి తప్పించడమైనది. మరుగుదొడ్డికి ఇకమీదట లోపలివైపు గడియ మాత్రమే ఉండును. తల్లుల ఖాతాల నుంచి మినహాయించిన సొమ్ములో ఈ బడికి ఎంత వచ్చింది, ఆయా జీతం ఏ నెల వరకు చెల్లించారు అన్న రెండు అంకెలు ప్రతినెలా నోటీసు బోర్డు మీద సుద్దతో రాయవలెను. గోడ పక్కన దొరికిన సీసాల విషయమై సదరు సీసాల తండ్రులను తదుపరి సమావేశానికి పిలిపించవలెను."

ఈ బదిలీపై మీకు అభ్యంతరాలేమైనా ఉంటే ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా, హెడ్మాస్టరు గారి ద్వారా పంపుకోగలరు.

ఇట్లు,
ఎనిమిదో తరగతి అమ్మాయి తల్లి,
కమిటీ మెంబరు