తీగచిప్పు గారికి కొక్కెం పట్టుకున్నవాడి విన్నపం

మహారాజశ్రీ తీగచిప్పు గారి దివ్యసముఖానికి,

బాలానగర్‌లో ఒక షెడ్డులో సీఎన్‌సీ లేత్ (ఇనప కడ్డీని తిప్పుతూ కోసే కంప్యూటర్ మిషన్) మీద నైట్ షిఫ్ట్ చేసే సెట్టర్, ఆ కోతలో తెగకుండా తీగలా పొడుగ్గా వచ్చే ఇనప చెక్కు అయిన మీకు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నా ఎడమ చూపుడువేలు తప్ప. అది మీ చలవే కాబట్టి వివరంగా చెప్పక్కర్లేదు.

ముందుగా మీ ఓపికకు ఒక దండం. నిమిషానికి 180 మీటర్ల వేగంతో కోస్తున్నాం. కోసే టూల్ మీదకి ఎక్కేటప్పుడు మీరు మందమెక్కి కురచబడతారు. సగానికి సగం కురచబడ్డారనుకున్నా నిమిషానికి 90 మీటర్లు. అంటే పదహారు చీరల పొడవు! పోచంపల్లిలో ఏ మగ్గమూ మీ దరిదాపుల్లోకి రాలేదు. పోనీ నేసిందంతా బుద్ధిగా కింద ట్రేలో పడతారా అంటే పడరు. కోసే ఇనప ముక్కని (జాబ్‌ని) పట్టుకుని తిప్పే చక్ చుట్టూ ఒక కొప్పు, టూల్స్ బిగించే టర్రెట్‌కి ఒక సవరం, చల్లబరిచే కూలెంట్ పైపుకి జడకుచ్చులు. ఆ కొప్పు తిరుగుతూ తిరుగుతూ అప్పుడే ఫినిష్ అయిన జాబ్ మీద గీతలు పెడుతుంది. పొద్దున క్వాలిటీ కుర్రాడొచ్చి, గీతలు గీసింది నేనే అన్నట్టు నా మొహం చూస్తాడు.

ఇక నా దినచర్య. ఫీడ్ హోల్డ్ నొక్కి టూల్‌ని నిలపాలి, చక్‌ని తిప్పే స్పిండిల్ ఆపాలి, డోర్ తియ్యాలి, రాడ్ వంచి చేసుకున్న కొక్కెంతో మిమ్మల్ని లాగాలి. తీగ లాగితే డొంకంతా కదులుతుందని పెద్దలు ఊరికే అనలేదు. టూల్ హోల్డర్ వెనక డొంక, టెయిల్‌స్టాక్ కింద డొంక, చిప్పుల్ని బయటికి మోసే కన్వేయర్ నోట్లో ఇరుక్కుని మోటార్‌ని ట్రిప్ చేసిన డొంక, అన్నీ ఒకేసారి కదులుతాయి. కొక్కెం వెతుక్కునే ఓపిక లేక ఒక్కసారి చేత్తో లాగాను. ఆ ఒక్కసారికే నాలుగు కుట్లు. గ్లవ్స్ వేసుకోవచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. తిరిగే చక్ దగ్గర గ్లవ్స్ వేసుకుంటే మీరు వేలితో సరిపెట్టుకోరని, చెయ్యంతా అడుగుతారని ఆవిడకి చెప్పలేదు.

మీ పుట్టింటి సంగతి కూడా మాట్లాడాలి. మీది మైల్డ్ స్టీల్ వంశం. పేరులోనే మెత్తదనం ఉంది. కార్బన్ తక్కువ కాబట్టి సాగుతారు కానీ తెగరు. తెగేదాకా లాగొద్దనే నీతిని ఇంత నిష్ఠగా పాటించేవాళ్లని నేను చుట్టాల్లో కూడా చూడలేదు.

అయినా తప్పంతా మీ మీదకి నెట్టెయ్యడం న్యాయం కాదు. రఫింగ్‌లో, అంటే మొదటి మోటు కోతలో, మీరెంత మర్యాదస్తులో నాకు తెలుసు. రెండున్నర మిల్లీమీటర్ల లోతు కోత, 0.3 ఫీడ్ (జాబ్ ఒక చుట్టు తిరిగేలోపు టూల్ జరిగే మిల్లీమీటర్లు) ఇస్తే విరిగిన చేగోడీల్లా చిటపటా రాలిపోతారు. గొడవంతా ఫినిషింగ్‌లోనే, అంటే ఆఖరి నున్నటి కోతలోనే. దానికి కారణం మా ఓనర్ పొదుపు, నా భయం. "రెండు పనులకీ ఒకటే ఇన్సర్ట్ చాలదా?" అంటారాయన. ఇన్సర్ట్ అంటే టూల్ కొనకి బిగించే కోత బిళ్ల. మాది సీఎన్‌ఎంజీ 120408 రకం, రఫింగ్‌ది. దాని గుండ్రటి ముక్కు రేడియస్ 0.8 మిల్లీమీటర్లు. మేము ఫినిషింగ్‌కి వదిలేది పక్కకి 0.2 మిల్లీమీటర్లు. అంటే ఆ ముక్కు చివర మాత్రమే జాబ్‌ని రాసుకుంటూ పోతుంది. ఇన్సర్ట్ మీద మిమ్మల్ని వంచి విరవడానికి గాడీ గట్టూ కట్టి పెట్టారు గానీ, అంత పల్చటి చిప్పు ఆ గట్టుదాకా చేరితేగా! గుమ్మం దగ్గరే తప్పుకుని వీధిలోకి పోతారు.

ఫినిష్ పాడవుతుందని ఫీడ్ 0.08 పెట్టింది మాత్రం నేనే. డ్రాయింగ్‌లో అడిగిన ఆర్‌ఏ, అంటే పైన గరుకుతనం, 3.2 మైక్రాన్లు. ఆ ముక్కుతో ఫీడ్ 0.2 పెట్టినా లెక్క ప్రకారం 1.6 దగ్గరే వస్తుంది. ఆ లెక్క కాగితం మీద వేసుకోడానికి నాకు నాలుగు కుట్లు పడాల్సి వచ్చింది.

మొన్న రాత్రి రెండింటికి, ఎవరికీ చెప్పకుండా, బీరువాలో మూల పడున్న ఫినిషింగ్ ఇన్సర్ట్ల డబ్బా తీశాను. జీ71లో, అంటే రఫింగ్ నడిపే ప్రోగ్రామ్ లైన్‌లో, ఫినిషింగ్‌కి వ్యాసం మీద వదిలే యూ 0.4 ఉన్నచోట యూ 1.0 కొట్టాను. పక్కకి అర మిల్లీమీటర్ మిగిలింది. ఫీడ్ 0.2. సైకిల్ స్టార్ట్ నొక్కి, కొక్కెం చేతిలో పట్టుకునే గాజు అద్దంలోంచి చూస్తున్నాను. మీరు రాలేదు. మీ బదులు కామాలంత ముక్కలు, కూలెంట్‌తో పాటు జలజలా ట్రేలోకి. పాతిక జాబులయ్యేదాకా డోర్ తీసింది జాబ్ మార్చడానికే. తుక్కు కొనే ఆయన కూడా సంతోషించాడు. మీరైతే ట్రాలీ నిండేది గానీ తూకం వచ్చేది కాదు.

పొద్దున ఓనర్ వచ్చారు. పాలిషింగ్ రాయి పట్టినట్టున్న జాబ్ వైపు చూడలేదు. ఖాళీగా నించున్న నన్ను చూశారు. "ఏంటి, పని లేదా?" అని అడిగి, పక్క మిషన్ కూడా నాకే అప్పజెప్పారు. దాని మీద నడుస్తున్నది ఎస్‌ఎస్ 304 అనే స్టెయిన్‌లెస్ స్టీల్, బోరింగ్ పని, అంటే రంధ్రం లోపల కోత.

అక్కడ మీ పెద్దన్నయ్య గారు ఉంటారట. నేను వస్తున్నానని ఒక మాట చెప్పి ఉంచగలరు.

ఇట్లు,
రెండు మిషన్లకీ ఒకే కొక్కెం ఉన్నవాడు