చెరువు కట్ట మీద నుంచి ఓరుగల్లు

వరంగల్ పేరు పెద్దది. తెలంగాణలో హైదరాబాద్ తర్వాత చెప్పుకునే నగరం ఇదే. రాష్ట్ర అధికార చిహ్నం మధ్యలో నిలబడ్డ తోరణం ఇక్కడిదే. మన ప్రవాస తెలుగు సంఘాల సావనీర్ల అట్టల మీద, వేదికల వెనుక కట్టే బ్యానర్ల మీద కూడా అదే కనిపిస్తుంది. అయినా డిసెంబరు సెలవుల్లో హైదరాబాద్ నుంచి పిల్లల్ని తీసుకుని ఒక్కపూటకు వచ్చిపోయేవాళ్లు చాలామంది చిన్నబోయిన మొహాలతోనే తిరిగి వెళ్తారు. ఖిలాలో, అంటే వరంగల్ కోటలో, నాలుగు తోరణాలు, అరగంట. వేయిస్తంభాల గుడి ముందు బండ్ల రద్దీ, మరో అరగంట. "దీనికేనా ఇంత పేరు?" అన్న మాట అక్కడే పుడుతుంది. ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ మాటకు నొచ్చుకుని కాకతీయుల వైభవం వల్లిస్తారే తప్ప, వచ్చినవాళ్లు ఏం చూడకుండా పోయారో చెప్పరు.

నా అభిప్రాయం ఇది. ఆ పేరు అబద్ధం కాదు, అది నీళ్లతో వచ్చిన పేరు. నీళ్లను చూడనివాళ్లకు ఓరుగల్లు సగం కూడా కనబడదు. ఇప్పటి నగరం ఆ నీళ్లనే గాలికి వదిలేసింది కాబట్టి ఇవాళ్టి వరంగల్ మాత్రం పాత పేరుకు బాకీ పడి ఉంది.

ఈ నేల సంగతి ముందు తెలుసుకోవాలి. గోదావరి ఇక్కడికి దూరం, కృష్ణ ఇంకా దూరం. నగరాన్ని ఒరుసుకుంటూ పారే జీవనది లేదు. కురిసిన వానను పట్టి ఆపితేనే పంట. కాకతీయులు రాజ్యం నిలబెట్టింది ఈ లెక్క మీదే. పాఖాల చెరువును 1213 ప్రాంతంలో గణపతిదేవుడి మంత్రి జగదాల ముమ్మడి కట్టించాడు. అదే గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో గుడి కట్టించాడు, రామప్ప గుడి అంటున్నది దాన్నే. ఆ గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు ఉంది. లక్నవరం, గణపురం చెరువులు కూడా ఆ కాలానివే. లక్నవరంలో పనితనం చూడండి. గుట్టల మధ్య సందులు ఎక్కడ ఇరుకుగా ఉన్నాయో అక్కడ మాత్రమే పొట్టి కట్టలు పోశారు, మిగతా గోడంతా గుట్టలే. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్లు ఆపడం అంటే ఇదే.

చెరువుకు ప్రాణం మూడు చోట్ల ఉంటుంది: కట్ట, తూము, మత్తడి. కట్ట లోపలి వాలుకు రాళ్లు పేరుస్తారు, లేకపోతే అలలు మట్టిని కోసేస్తాయి. తూము కట్ట అడుగు నుంచి పొలాల కాలువకు నీళ్లు వదులుతుంది. మత్తడి కట్ట కంటే కింది ఎత్తులో ఉంటుంది. నిండిన నీళ్లు కట్ట మీదుగా పొర్లితే మట్టికట్ట గంటల్లో తెగుతుంది కాబట్టి, పొర్లే నీళ్లకు ముందే చూపించిన దారి అది. మత్తడి దుంకిన నీళ్లు వాగులో పడి కింది ఊరి చెరువును నింపుతాయి, అది నిండితే దాని కిందిది. ఇదే గొలుసుకట్టు. ఈ ఏర్పాటుకు ఒకే ఒక్క బలహీనత ఉంది. పైన ఒక చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి, దాని మత్తడి అంత నీటిని మోయలేదు, అదీ తెగుతుంది. అందుకే గొలుసులో ఏ ఒక్కటీ పాడుకాకుండా చూసుకోవాలి. మధ్యలో ఒక కుంటను పూడ్చి ప్లాట్లు చేస్తే ఆ కుంట పట్టాల్సిన నీళ్లు ఎక్కడికో పోవు, కింద ఉన్న కాలనీకే వస్తాయి.

గుళ్ల పునాదుల్లోనూ ఆ తెలివే ఉంది. తడి నేల మీద బరువైన రాతి గుడి కడితే ఒక పక్కకు కుంగుతుంది. దానికి వాళ్లు గొయ్యి తవ్వి ఇసుక నింపి, సున్నం, బెల్లం, కరక్కాయ కలిపి దాన్ని బిగించి, ఆ మెత్త మీద రాళ్లు ఎత్తారు. నేల కదిలితే ఆ కుదుపును ఇసుక మింగేస్తుంది. రామప్ప శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి, కింది స్తంభాల మీద భారం తగ్గించడానికి. లోపల నేల ఇప్పుడు ఎగుడుదిగుడుగా కనబడుతుంది, అయినా స్తంభాలు నిలబడే ఉన్నాయి. యునెస్కో 2021లో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. అక్కడి కల్యాణ మండపం కుంగిపోతే పునాది దాకా విప్పి, రాయిరాయికీ గుర్తులు వేసి, మళ్లీ కట్టి 2024లో తెరిచారు. విప్పినప్పటి నుంచి తెరిచేదాకా పదేళ్లకు పైగానే పట్టింది. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటి పనిని అదే తీరులో తిరిగి చేయడం ఎంత కష్టమో ఆ ఆలస్యమే చెబుతోంది.

కాబట్టి రెండు రోజులు ఇవ్వండి. ఒక్కరోజే ఉంటే ఖిలాను వదిలేసినా సరే, రామప్పకు వెళ్లండి. ఈ మాట చాలామంది ఊరివాళ్లకే నచ్చదు, అయినా నేను దానికే కట్టుబడతాను.

రావడంలోనే కొందరు తడబడతారు. సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపు పోయే రైళ్లు చాలావరకు కాజీపేటలోనూ వరంగల్‌లోనూ ఆగుతాయి. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు పోయేవి కాజీపేట దగ్గరే ఉత్తరానికి మళ్లుతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. ఢిల్లీ, చెన్నై మధ్య తిరిగేవి చాలావరకు వరంగల్‌లో ఆగి కాజీపేటను వదిలేస్తాయి. టికెట్టు తీసేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. బస దొరికేది ఎక్కువగా హన్మకొండలో, దానికి కాజీపేటే దగ్గర. బస్సయితే మెట్రోలో ఉప్పల్ దాకా వచ్చి అక్కడ హన్మకొండ బస్సెక్కితే హైదరాబాద్ రద్దీలో సగం తప్పుతుంది.

మొదటి రోజు తెల్లవారగానే ములుగు దారి పట్టాలి. జాతీయ రహదారి 163 మీద ములుగు దాటి జంగాలపల్లి దగ్గర ఎడమకు మళ్లితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట. హన్మకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే. ఎనిమిదిన్నరకల్లా గుడిలో ఉంటే మంచిది. చెప్పులు బయట విడవాలి, పదకొండు దాటితే బండలు కాలుతాయి, పిల్లలు ఇక నిలబడరు. ఏటవాలు ఎండ పడినప్పుడే చూరు కింది నల్లరాతి మదనికల, అంటే నాట్యకత్తెల బొమ్మల, చెక్కుడు తేటగా కనిపిస్తుంది. గుడి చూశాక వెంటనే కారెక్కొద్దు. చెరువు కట్ట ఎక్కి తూము ఎక్కడుందో, పొలాలు ఎటున్నాయో, మత్తడి నీళ్లు ఎటు పోతాయో పిల్లలతో వెతికించండి. మధ్యాహ్నం మళ్లీ ప్రధాన రోడ్డెక్కి గోవిందరావుపేట మండలం చల్వాయి దగ్గర మళ్లితే లక్నవరం. వేలాడే వంతెన మీద జనం ఎక్కువ, కట్ట మీద తక్కువ. పాఖాలను ఈ రోజులో ఇరికించకండి. అది నర్సంపేట వైపు, వేరే దారి. సరి సంవత్సరాల్లో మాఘ పౌర్ణమికి మేడారం జాతర జరుగుతుంది. దానికి ముందూ వెనుకా కొన్ని వారాలు ఈ రోడ్డంతా జాతర బండ్లదే. జాతరకే వస్తే సరే, లేకుంటే ఆ వారాలు మానుకోండి.

రెండో రోజు ఖిలా. తోరణాల దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరిగితే కోట చూసినట్టు కాదు. రాతికోట ద్వారం దగ్గర ఆగి చూడండి, దారి నేరుగా లోపలికి పోదు, లంబకోణంలో మలుపు తిరుగుతుంది. ఏనుగులు, గుర్రాలు ఊపుతో వచ్చి గుద్దకుండా చేసిన ఏర్పాటు. గోడ లోపలివైపు పొడవునా మెట్లున్నాయి, సైన్యం ఎక్కడి నుంచైనా పైకి ఎక్కడానికి. పైనుంచి చూస్తే రాతిగోడ, దాని చుట్టూ కందకం, ఆవల మట్టికోట, మధ్యలో పొలాలు, ఇళ్లు వరుసగా కనబడతాయి. ఇది ఖాళీ శిథిలం కాదు, జనం కాపురముంటున్న ఊరు. ఖుష్ మహల్, ఏకశిల గుట్ట నడక దూరంలోనే ఉన్నాయి. సాయంత్రానికి భద్రకాళి చెరువు కట్ట.

ఆ కట్ట మీద నిలబడితేనే నగరం మీద నా ఫిర్యాదు కూడా అర్థమవుతుంది. బొందివాగు ఈ చెరువులోకే వస్తుంది, కాలనీల మురుగును వెంటబెట్టుకుని. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానల్లోనే మోరంచపల్లి ఊరు మునిగింది, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అంత వానకు ఏ ఊరైనా మునుగుతుందని వాదించవచ్చు. కానీ వరంగల్ 2020 ఆగస్టులోనూ మునిగింది, 2025 అక్టోబరులో మొంథా తుపానుకూ మునిగింది. ఐదేళ్ల వ్యవధిలో ఒకే నగరం మూడుసార్లు మునిగితే తప్పును వాన మీదకు తోయలేం. నయీంనగర్ నాలాను వెడల్పు చేయడం అవసరమైన పనే, దాన్ని మెచ్చుకోవాలి. అయితే పైన కుంటలు పోయాక నాలాను ఎంత వెడల్పు చేసినా నీళ్లు వేగంగా కిందికి చేరడమే అవుతుంది. అలాగే 2024 నవంబరులో భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడిక తీత మొదలుపెట్టారు. పూడిక తీయాల్సిందే. మురుగు రాకను ఎగువనే ఆపకపోతే మాత్రం నాలుగేళ్లలో మళ్లీ గుర్రపుడెక్క పరుచుకుంటుంది.

ఉద్యోగాలు, విమానాలు, కంపెనీల లెక్కలో చూసేవాళ్ల వాదన వేరు, అందులోనూ న్యాయముంది. 1959లో దేశంలోనే మొదటి ఆర్ఈసీ (ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ) ఇక్కడ పెట్టారు, ఇప్పటి ఎన్ఐటీ అదే. అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చింది. చదువు బాగుంది, చదివిన పిల్లలు మాత్రం నిలవడం లేదు. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు మూతపడ్డాక నగరానికి అంత పెద్ద పనిచోటు మళ్లీ రాలేదు. మడికొండ ఐటీ పార్కు, గీసుగొండ వైపు టెక్స్‌టైల్ పార్కు ఆ లోటును పూర్తిగా తీర్చలేదు. నగరానికున్న పాత విమానాశ్రయం మామునూరులో 1981 నుంచి ప్రయాణికుల విమానం లేదు. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం చాలాకాలం అడ్డుపడింది, 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఈ లెక్కలో వరంగల్ రెండో నగరం అన్న మాట ఇంకా ఆశ మాత్రమే.

మన పాఠకుల్లో చాలామంది ఈ ఊరిని చూసి పోవడంతో ఆగరు, ఇక్కడ ప్లాటు కూడా కొంటారు. కాబట్టి చెరువు సంగతి మన సంగతే. కొనే ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు చూస్తే సరిపోదు. గ్రామ నక్షలో ఆ సర్వే నంబరు పక్కన కుంటగానీ వాగుగానీ ఉందేమో చూడండి. పాత పహాణీలో, అంటే రెవెన్యూ భూమి రికార్డులో, 'శిఖం' (చెరువు మునక భూమి) అని రాసి ఉంటే వెనక్కి తగ్గండి. శిఖం పట్టా అని కాగితం చూపిస్తారు. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు అది, ఇల్లు కట్టే హక్కు కాదు. లేఅవుట్‌కు కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, KUDA) అనుమతి నంబరు అడిగి, అది సరైనదో కాదో కుడా కార్యాలయంలోనే తేల్చుకోండి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం) హద్దు ఎక్కడిదాకానో నీటిపారుదల శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు, పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు వదలాలి. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి తిప్పి, వానలు బాగా పడిన ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలలవి చూడండి. వేసవిలో తీసిన చిత్రం చూసి మోసపోయినవాళ్లే ఎక్కువ. చివరగా ఎవరినైనా ఆ వీధికి పంపి, పాత కాంపౌండు గోడల మీద నీటి చార ఎంత ఎత్తులో ఉందో కొలిపించండి.

సొంతూరికి ఏదైనా చేయాలని చందాలు పోగుచేసే సంఘాలకు ఒక మాట. ఊరి మొదట్లో స్వాగత తోరణాలు ఇప్పటికే చాలా కట్టించాం. ఇకమీదట ఊరి చెరువు తూము షట్టరు మీద, మత్తడి కింది వాగులో తుమ్మచెట్లు కొట్టించడం మీద, ఎఫ్‌టీఎల్ హద్దురాళ్లు పాతించడం మీద ఆ డబ్బు పెట్టండి. చెరువు ప్రభుత్వానిది కాబట్టి ముందు నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)తో, గ్రామ పంచాయతీతో మాట్లాడి అనుమతి కాగితం తీసుకోవాలి, దానికి ఫిబ్రవరిలోనే దరఖాస్తు పెట్టాలి. తూము పని ఏప్రిల్, మే నెలల్లో చెరువు అడుగు కనబడినప్పుడే అవుతుంది. కట్ట తవ్విన చోట మట్టిని పొరలుపొరలుగా పోసి తడిపి దిమ్మిసతో కొట్టించి గట్టిపరచాలి, ఒకేసారి కుమ్మరిస్తే మొదటి వానకే అక్కడ ఊట మొదలవుతుంది. మృగశిర కార్తెలోపు షట్టరు బిగించి, తూము చూసుకునే నీరటికాడితో రెండుమూడుసార్లు ఎత్తించి దింపించి చూడాలి. అది తప్పితే చెరువు నిండిపోతుంది, మళ్లీ వేసవి దాకా ఆ పనికి చేయి పెట్టలేరు.