అమ్మమ్మ వీసా మీద ఎన్నాళ్లు నెట్టుకొద్దాం?

ఇక్కడ అమెరికాలో మన అమ్మాయికి నెల తప్పిందని తెలియగానే ఇంట్లో మొదలయ్యే మొదటి పని వాళ్లమ్మకి వీసా స్లాట్ వెతకడం. నానక్‌రామ్‌గూడ అమెరికన్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ ఎప్పుడు దొరుకుతుంది, డెలివరీ టైముకి ఆవిడ దిగగలరా, ఎయిర్‌పోర్టులో ఆరు నెలలు ఇస్తారా, ఆవిడ వెళ్లేలోపు అత్తగారు బయలుదేరగలరా అని లెక్కలు వేసుకుంటాం. డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో నాకు తెలిసిన ఇళ్లన్నిటిలో ఇదే వరస. బాలింతకి పథ్యం వండేది, పసిపాపకి నలుగు పెట్టి నీళ్లు పోసేది, పెద్దపిల్లాణ్ణి స్కూలు బస్సు ఎక్కించేది, అర్ధరాత్రి పాపని ఒళ్లో వేసుకుని కూర్చునేది అరవై దాటిన ఆ అమ్మే. ఆవిడకి వీసా రాకపోతే ఆ ఇల్లు ఇక అతలాకుతలమే.

దీన్ని మన కుటుంబ విలువల గొప్పతనంగా చెప్పుకుంటున్నాం. అందులో నిజం లేకపోలేదు. కానీ సంపన్న దేశాల్లో ప్రసూతి సెలవుకి జీతం ఇవ్వాలని దేశమంతటికీ వర్తించే చట్టం లేనిది అమెరికాకే. ఆ లోటుని మన అమ్మలు తమ మోకాళ్ల నొప్పులతో, బీపీ మాత్రలతో పూడుస్తున్నారు. తెలుగు సంఘాలు ఇకనైనా ఈ విషయంలో నోరు విప్పాలి. జీతంతో కూడిన కుటుంబ సెలవు కోసం, డే కేర్ భారం తగ్గించే చట్టాల కోసం మన పేరుతో, మన సంఖ్యాబలంతో శాసనసభ్యుల్ని అడగాలి.

ఉన్న చట్టం ఏమిటో ముందు చూద్దాం. 1993 ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టిన ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్ ఇది. మనందరం ఎఫ్ఎమ్ఎల్ఏ అంటాం. అంతకుముందు ఇలాంటి బిల్లునే సీనియర్ బుష్ రెండుసార్లు వీటో చేశారు. ఇది 12 వారాల సెలవు ఇస్తుంది, జీతం ఉండదు. ఉద్యోగం పోకుండా, హెల్త్ ఇన్సూరెన్స్ ఆగకుండా కాపాడుతుంది, అంతవరకే. అదీ అందరికీ కాదు. అదే కంపెనీలో కనీసం 12 నెలలు చేసి ఉండాలి, గడిచిన ఏడాదిలో 1,250 గంటలు నిండి ఉండాలి, 75 మైళ్ల లోపల ఆ కంపెనీకి కనీసం 50 మంది ఉద్యోగులు ఉండాలి.

ఈ షరతుల్ని మనవాళ్ల ఉద్యోగాల పక్కన పెట్టి చూడండి. క్లయింటు పెద్ద బ్యాంకే కావచ్చు, జీతం ఇచ్చేది మాత్రం ఇరవై ముప్ఫై మంది ఉన్న కన్సల్టెన్సీ. అలాంటి చోట ఎఫ్ఎమ్ఎల్ఏ మామూలుగా దక్కదు. ప్రాజెక్టు అయిపోయి కంపెనీ మారితే 12 నెలల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఐదో నెలలో లేఆఫ్ అయి కొత్త చోట చేరిన అమ్మాయికి కాన్పు నాటికి ఏ రక్షణా మిగలదు. కంపెనీ స్పాన్సర్ చేసే హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో భయం, ఉద్యోగం పోతే 60 రోజుల్లో కొత్తది వెతుక్కోవాలి. అందుకే సెలవు మాట ఎత్తడానికే జంకుతారు. నిజానికి హెచ్1బి ఉద్యోగి తనంతట తాను అడిగి జీతం లేని ప్రసూతి సెలవు తీసుకుంటే, ఉద్యోగం కొనసాగుతున్నంతవరకు స్టేటస్‌కి ఇబ్బంది లేదు. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు లేక కుట్లు మానకముందే లాప్‌టాప్ తెరుస్తున్న అమ్మాయిలు మన మధ్యే ఉన్నారు.

మా వీధిలోనే ఒకమ్మాయి ఉంది. టెస్టింగ్ లీడ్, కాంట్రాక్టు ఉద్యోగం, గంటల లెక్కన జీతం. సిజేరియన్ అయింది. ఈ దేశంలో మూడింట ఒక కాన్పు దాదాపుగా అలాగే జరుగుతోంది. ఆరో వారంలోనే లాగిన్ అయింది. ఇంటి నుంచి పనే కదా అన్నారు అందరూ. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు వంటింటి కౌంటర్ దగ్గర నిలబడి కాల్ వింటోంది, కూర్చుని లేవాలంటే కుట్లు లాగుతున్నాయట. లోపల పాప ఏడ్చినప్పుడల్లా చెయ్యి మ్యూట్ బటన్ మీదకి పోతోంది. వాళ్లమ్మగారిది నరసరావుపేట. పాపని భుజాన వేసుకుని, రెండో చేత్తో వెల్లుల్లి వేయిస్తున్నారు. "ఇలా ఇవ్వండి పిన్నిగారూ, కాసేపు కూర్చోండి" అంటే కూర్చోలేదు. "మీ బాబాయిగారు అక్కడ రెండు పూటలా కర్రీ పాయింట్ కూరలే తింటున్నారమ్మా, షుగర్ మనిషి. ఇక్కడ చూస్తే ఇది రాత్రంతా మేలుకుని తెల్లారేసరికి మీటింగంటుంది. నేను ఎవరి దగ్గర ఉండాలో నువ్వే చెప్పు" అన్నారు. ఆవిడకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆవిడ ఇక్కడ ఉండటానికి ఐ-94 పత్రంలో ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. వియ్యపురాలికి వీసా రిజెక్ట్ అయింది. పిన్నిగారికి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకి పనికిరాదు కాబట్టి మోకాలి నొప్పికి డాక్టర్ దగ్గరకి వెళ్లే ఆలోచన కూడా పెట్టుకోలేదు.

అదే అమ్మాయి న్యూజెర్సీలో, ఏ ఎడిసన్‌లోనో ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు. మామూలుగా అక్కడ డెలివరీకి ముందు నాలుగు వారాలు, తర్వాత ఆరు వారాలు, సిజేరియన్ అయితే ఎనిమిది, టెంపరరీ డిజెబిలిటీ అనే రాష్ట్ర ఇన్సూరెన్స్ కింద డబ్బు వస్తుంది. ఆ పైన బిడ్డ కోసం ఫ్యామిలీ లీవ్ ఇన్సూరెన్స్ కింద ఇంకో 12 వారాలు. జీతంలో 85 శాతం ఇస్తారు, వారానికి ఇంతకు మించకూడదని ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఈ దారిలో మొదట నడిచింది కాలిఫోర్నియా. 2002లో చట్టం చేసి 2004 నుంచి ఇస్తోంది, 2025 నుంచి ఆదాయాన్ని బట్టి 70 నుంచి 90 శాతం దాకా పెంచింది. తర్వాత న్యూయార్క్, వాషింగ్టన్, మసాచుసెట్స్, కనెక్టికట్, ఒరెగాన్, కొలరాడో ఒక్కొక్కటే చేరాయి. మిన్నెసోటా, డెలావేర్ 2026 జనవరిలో చెల్లింపులు మొదలుపెట్టాయి. మనవాళ్లు ఇంతమంది ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన టెక్సస్‌లో, జార్జియాలో, నార్త్ కరొలినాలో ప్రైవేటు ఉద్యోగుల కోసం ఇలాంటి పథకమే లేదు.

ఈ డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నది మన వ్యాపారస్తులు ముఖ్యంగా గమనించాలి. ఉద్యోగి జీతంలోంచి చిన్న కోత, కొన్ని రాష్ట్రాల్లో యజమాని వాటా కొంత, రెండూ ఒక నిధిలోకి వెళ్తాయి. సెలవులో ఉన్నవాళ్లకి ఆ నిధి చెల్లిస్తుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో ఫ్యామిలీ లీవ్ ఖర్చు ఉద్యోగుల కోత నుంచే వస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 50 మంది కన్నా తక్కువ ఉన్న సంస్థలకి యజమాని వాటా మినహాయింపు ఉంది. కన్సల్టెన్సీ, రెస్టారెంట్, ఇండియన్ గ్రోసరీ నడిపేవాళ్లు "మేం చిన్నవాళ్లం, సెలవుకి జీతం ఎక్కణ్ణుంచి తెస్తాం" అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ భయం తీర్చడానికే ఇది ఇన్సూరెన్స్ రూపంలో పెట్టారు. ఇంకో సంగతి, కాలిఫోర్నియా పే స్టబ్ మీద సిఎ ఎస్‌డిఐ అని కనిపించే కోత దీనికోసమే. అది ఏళ్ల తరబడి కడుతూ, "మేనేజర్ ఏమనుకుంటాడో" అని క్లెయిమ్ పెట్టని తెలుగువాళ్లు ఉన్నారు. ముఖ్యంగా తండ్రులు. బాబూ, అది మీరు కట్టిన డబ్బు. మీ బిడ్డ కోసం మీరూ సెలవు పెట్టండి.

ఇండియాలో 26 వారాలు ఇస్తున్నారు కదా అని చాలామంది గుర్తు చేస్తుంటారు. నిజమే. 2017 సవరణ తర్వాత పదిమంది లేదా అంతకు పైన ఉన్న సంస్థల్లో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు, 50 మంది ఉంటే క్రెష్ కూడా ఉండాలి. కాకపోతే అక్కడ జీతం భారమంతా యజమానిదే. ఆ లెక్క చూసుకునే కొన్ని కంపెనీలు కొత్తగా పెళ్లైన అమ్మాయిని తీసుకోవడానికి వెనకాడతాయి. పత్తి చేలో, ఇళ్లల్లో పనిచేసే తల్లులకి ఆ 26 వారాల మాటే వర్తించదు. అందుకని ఇండియా చట్టాన్ని ఇక్కడికి యథాతథంగా తెమ్మని నేను అనను. అందరూ తలా కొంచెం వేసుకునే నిధి పద్ధతే మేలు.

మన సంఘాలు ఈ చర్చలో ఎందుకు కూర్చోవాలంటే, మన ఇళ్ల సంగతి మనం చెప్పకపోతే ఎవరికీ తట్టదు. ఎఫ్ఎమ్ఎల్ఏలో కుటుంబం అంటే భార్య లేక భర్త, పిల్లలు, కన్న తల్లిదండ్రులు లేదా పెంచినవాళ్లు. అత్తమామలు లేరు. అత్తగారికి బైపాస్ అయితే కోడలికి ఆ చట్టం కింద సెలవు లేదు. కాలిఫోర్నియా పెయిడ్ లీవ్‌లో 2014లో అత్తమామల్నీ, తాతయ్య అమ్మమ్మల్నీ చేర్చారు. అలాగే భార్యాభర్తలు ఒకే కంపెనీలో ఉంటే బిడ్డ పుట్టినప్పుడు ఇద్దరికీ కలిపి 12 వారాలే ఇవ్వొచ్చని ఎఫ్ఎమ్ఎల్ఏ అంటుంది. ఒకే కంపెనీలో పనిచేసే జంటలు మనలో తక్కువా?

సెలవు ముగిశాక డే కేర్ గండం. కుటుంబ ఆదాయంలో 7 శాతం మించితే పిల్లల సంరక్షణ భరించలేనిదేనని ఫెడరల్ ప్రభుత్వమే తన సబ్సిడీ పథకానికి కొలమానం పెట్టుకుంది. ఇద్దరు చిన్నపిల్లలున్న ఏ తెలుగు ఇంట్లోనైనా అడగండి, ఆ 7 శాతం ఎక్కడుందో. పిల్లల సంరక్షణ ఖర్చు కోసం కంపెనీ ద్వారా తెరిచే డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ ఖాతాలో పన్ను లేకుండా పక్కన పెట్టుకునే మొత్తం 1986లో 5,000 డాలర్లు. 2021 ఒక్క ఏడాది మినహా 2025 దాకా అదే 5,000. 2026 నుంచి 7,500 చేశారు. నలభై ఏళ్లలో ఫీజులు ఎక్కడికి వెళ్లాయో వేరే చెప్పాలా? న్యూ మెక్సికో చూడండి, పెద్ద ధనిక రాష్ట్రమేమీ కాదు. 2025 నవంబర్ నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా డే కేర్ ఉచితం అని ప్రకటించింది.

హెచ్1బి ఉద్యోగుల భార్యలుగా హెచ్4 వీసా మీద ఉన్న తల్లుల కష్టం ఇంకో మెట్టు పైన. 2015 మేలో వాళ్లలో కొందరికి ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు వచ్చింది, ఎందరో మళ్లీ ఉద్యోగాల్లో చేరారు. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. పాత కార్డు గడువులోగా కొత్త కార్డు చేతికి రాకపోతే ఆ రోజే పని ఆపాలి. డే కేర్ సీటు వదులుకుంటే మళ్లీ వెయిటింగ్ లిస్టు, అట్టే పెట్టుకుంటే జీతం లేకుండా ఫీజు. ఈ టెన్షన్ పడుతున్న అమ్మాయిలు మన సంక్రాంతి ముగ్గుల పోటీల్లో, బతుకమ్మ ఆటల్లో మన పక్కనే ఉంటారు. వాళ్ల సమస్య మీద మన సంఘాల వేదికల నుంచి ఒక్క తీర్మానం నేను వినలేదు.

"మాది 501(సి)(3), పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ, రాజకీయాలు మాకొద్దు" అనేది మన కమిటీల్లో వినిపించే మొదటి మాట. చట్టం ఒప్పుకోనిది అభ్యర్థుల తరఫున, వాళ్లకి వ్యతిరేకంగా ప్రచారం చేయడం. ఒక అంశం మీద అవగాహన సభలు పెట్టొచ్చు, పరిమితి లోపల ఒక బిల్లు కావాలని శాసనసభ్యుల్ని అడగనూ వచ్చు. మన కన్వెన్షన్లకి కాంగ్రెస్ సభ్యుల్ని పిలిచి శాలువా కప్పి, ఫొటో దిగి పంపిస్తున్నాం. వాళ్లు మైకు పట్టుకున్నప్పుడు పెయిడ్ లీవ్ మీద మీ వైఖరి ఏమిటని ఎందుకు అడగం?

రెండో మాట పెద్దవాళ్ల నుంచి వస్తుంది: "మేం పడలేదా? వాళ్లూ పడతారు." పడ్డారు, నిజమే. పార్కింగ్ లాట్‌లో కారు సీట్లో దుప్పటి కప్పుకుని పాలు పంప్ చేసుకున్న తరం వాళ్లది. ఇప్పుడు 2022 డిసెంబర్‌లో వచ్చిన పంప్ యాక్ట్ ప్రకారం బిడ్డకి ఏడాది వచ్చేదాకా యజమాని అందుకు సమయమూ, బాత్‌రూమ్ కాని ఒక మరుగైన చోటూ ఇవ్వాలి. పట్టుబట్టి అడిగినవాళ్లు ఉండబట్టే వచ్చింది. ఆ తరం తల్లులే ఇవాళ అమ్మమ్మలు, నాయనమ్మలు అవుతున్నారు. చాలామందికి సిటిజన్‌షిప్ ఉంది, ఓటు ఉంది. వాళ్లు ఫోను చేస్తే శాసనసభ్యుడి ఆఫీసు వింటుంది. వీసా మీద ఉన్న అమ్మాయికి ఓటు లేదు, తరచూ ధైర్యమూ ఉండదు.

దేశ రాజధాని వాషింగ్టన్ డిసిలో జరుగుతుందని ఎదురు చూస్తే ఇప్పట్లో జరిగేలా లేదు. కాంగ్రెస్ సభ్యులు రోసా డెలారో, కిర్‌స్టెన్ జిల్లిబ్రాండ్ 2013లో మొదట పెట్టిన ఫ్యామిలీ యాక్ట్ అనే పెయిడ్ లీవ్ బిల్లు మళ్లీ మళ్లీ వస్తూ ఆగిపోతోంది. 2021 నవంబర్‌లో ప్రతినిధుల సభ నాలుగు వారాల పెయిడ్ లీవ్‌ని ఆమోదిస్తే సెనేట్ దగ్గర అదీ పోయింది. ఫెడరల్ ఉద్యోగులకి మాత్రం 2020 అక్టోబర్ నుంచి 12 వారాలు జీతంతో ఇస్తున్నారు. అందుకే రాష్ట్రాల మీద దృష్టి పెట్టడం మంచిది.

మన సంఘాలు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మహిళా విభాగం ఈసారి ఒక వంటల పోటీ తగ్గించి, ఎఫ్ఎమ్ఎల్ఏ, రాష్ట్ర పథకాలు, హెచ్1బి సెలవు నియమాల మీద ఒక లాయర్‌ని పిలిచి శనివారం సభ పెట్టొచ్చు. కన్వెన్షన్ హాల్లో పాలిచ్చే తల్లులకి తలుపు మూసుకోగల గది, పిల్లల్ని చూసే మనిషి ఉండాలి. స్పాన్సర్లుగా వచ్చే మన కంపెనీల్ని మీ ఉద్యోగులకి ఎన్ని వారాలు ఇస్తున్నారని నలుగురిలో అడగాలి. టెక్సస్ శాసనసభ రెండేళ్లకోసారి కూర్చుంటుంది, మళ్లీ 2027 జనవరిలో. అంతకుముందు నవంబర్ నుంచే బిల్లులు దాఖలు చేయొచ్చు. ఈలోగా కాలిన్, డెంటన్ కౌంటీల శాసనసభ్యుల ఆఫీసుల్లో మన సంఘం తరఫున అపాయింట్‌మెంట్లు తీసుకుని, ఒక పసిబిడ్డ తల్లినీ, ఒక అమ్మమ్మనీ వెంటబెట్టుకుని వెళ్దాం. రావడానికి నేను సిద్ధం. ఇంకెవరు వస్తారో మహిళా విభాగానికి పేర్లు ఇవ్వండి.