జారితే ప్రేమ, కడితే పెళ్లి

గత మంగళవారం రాత్రి 7.30కి ఒక అమ్మాయి హారతి పళ్ళెంతో హాల్లో జారింది. గురువారం రాత్రి 7.48కి ఆ పళ్ళెం నేలను తాకింది. ఈలోగా ఆమెకు ప్రేమ పుట్టింది.

సీరియల్ పేరు చెప్పను. చెప్పనక్కరలేదు కూడా; ఆ వేళకు మీ ఇంట్లో ఏది నడుస్తుంటే అదే అనుకోండి. అమ్మకు తోడుగా కూర్చుంటానని నలుగురిలో చెప్పుకుంటాను గానీ, ఏదో పెళ్లికని అమ్మ ఊరెళ్లిన వారం కూడా ఒక్క ఎపిసోడ్ వదల్లేదన్న సంగతి మీ దగ్గర దాచడం ఎందుకు.

జారిన అమ్మాయి నాయికకు చెల్లెలు. నాయికా నాయకులు ఏడాదిన్నరగా చెరో గదిలో ఉంటున్నారు. కారణం ఒక కవరు. అందులో అన్ని నిజాలూ ఉన్నాయి. ఎవరూ విప్పరు. విప్పితే వాళ్లు కలిసిపోతారు, కలిస్తే కథ అయిపోతుంది, కథ అయిపోతే ఆ అరగంటలో సబ్బులు ఎవరు అమ్ముతారు? అందుకని చెల్లెలికీ మరిదికీ ప్రేమ పెట్టారు. ఆ వృత్తిలో దీన్ని ‘ట్రాక్’ అంటారు. రైలు పట్టాలకూ అదే పేరు గానీ, పట్టాల మీద వెళ్లేది ఎప్పుడో ఒకప్పుడు స్టేషనుకు చేరుతుంది.

ఇక ఆ జారుడు. దీన్ని మామూలు జారుడు కింద తీసిపారేస్తే నేను ఒప్పుకోను.

పెద్ద కోడలి కాలు విరగాలని మేనత్త అర్ధరాత్రి లేచి హాల్లో నూనె పోసింది. వేరుశనగ నూనె, లీటరు ప్యాకెట్, మొత్తం. ఇవాళ్టి ధరలో లీటరు నూనె నేలపాలు చేయగలిగిన ఇంట్లో ఆస్తి తగాదాలు ఎందుకో నాకు అర్థం కాలేదు. సరే, తెల్లవారింది. పెద్ద కోడలు రావలసిన దారిలో చెల్లెలు వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కుంకుమ భరిణె, భరిణెకు మూత లేదు. కాలు జారింది. అమెరికా నుంచి వచ్చి నెల అయినా ఇంకా కోటు విప్పని మరిది ఎక్కడి నుంచో ఊడిపడి నడుము పట్టుకున్నాడు. తలుపులన్నీ మూసి ఉన్న ఇంట్లోకి గాలి వీచింది. ఆ గాలికి ఆమె జుట్టు మాత్రమే కదిలింది. పక్కనున్న దీపం తొణకలేదు. కుంకుమ ఎగిరింది. అంత పెద్ద హాల్లో ఇంకెక్కడా చోటు లేనట్టు వెళ్లి ఆమె పాపిట్లోనే పడింది. ఆ గురి చూశాక, మన క్షిపణుల వాళ్లు ఒకసారి సీరియల్ యూనిట్ దగ్గరికి వెళ్లి నేర్చుకుని రావాలనిపించింది.

అప్పుడు కెమెరా ముఖాల మీదికి బయలుదేరింది. ఆ ఇంట్లో 14 మంది. తెల్లవారుజామునే పట్టుచీరలతో, వడ్డాణాలతో నిద్రలేచే 14 మంది. ఒక్కొక్క ముఖం మూడేసి సార్లు, ప్రతిసారీ పిడుగు చప్పుడుతో. మొత్తం 42 పిడుగులు. పై గదిలో కోమాలో ఉన్న తాతగారిని కూడా వదల్లేదు. నిజం చెప్పాలంటే ఆయన ఒక్కరి ముఖంలోనే భావం సహజంగా ఉంది.

అమ్మాయి గాలిలో ఉండగానే మంగళవారం అయిపోయింది. బుధవారం మళ్లీ జారుడు దగ్గర నుంచే మొదలుపెట్టారు. అంటే పాపం ఆమె రెండోసారి జారింది. ఛాతీ ఎత్తు నుంచి వదిలిన పళ్ళెం నేలను చేరడానికి అర సెకను చాలు. ఇది తొమ్మిదో తరగతి లెక్క. మన పళ్ళేనికి రెండు రోజుల 18 నిమిషాలు పట్టింది. రేటింగులు కూడా గురువారమే వస్తాయి గనుక, పళ్ళెం సరిగ్గా గురువారం దాకా ఆగడంలో భూమ్యాకర్షణ పాత్ర ఎంత, ఆ రేటింగులిచ్చే బార్క్ సంస్థ పాత్ర ఎంత అన్నది పరిశోధకులు తేల్చాలి.

ఇంతసేపూ వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది నేను కరెంటు బిల్లు వెనక రాసిపెట్టుకున్నాను.

‘చూసుకుని నడవలేవా?’
‘వదులు.’
‘వదిలితే పడతావు.’

అయిపోయింది. బిల్లు వెనక ఇంకా బోలెడంత ఖాళీ మిగిలింది. శుక్రవారం ఆమె కిటికీ దగ్గర దిండును హత్తుకుని నిలబడింది. శనివారం అతను మేడ మీద నిలబడి చంద్రుణ్ణి చూశాడు, కోటుతోనే. సోమవారానికి ఒకరు లేకపోతే ఒకరు బతకలేని పరిస్థితి వచ్చింది. అతను ఏ ఉద్యోగం చేస్తాడో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. రాసినవారికి తెలుసని కూడా నాకు నమ్మకం లేదు.

ఈ అమ్మాయి పోయిన నెల దాకా గ్రూప్-2కి చదువుతుండేది. బల్ల మీద లావుపాటి పుస్తకం, ముక్కు మీద కళ్ళజోడు. జారుడు తర్వాత ఆ రెండూ కనిపించలేదు. చూపు కూడా బాగుపడినట్టుంది. తెలంగాణలో గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో ఇచ్చి పరీక్ష 2024 డిసెంబరులో పెట్టారు. సీరియల్ కంటే నెమ్మదిగా నడిచేది ఈ నేల మీద ఇంకొకటి ఉందంటే అదే. ఆ రెండేళ్లూ హైదరాబాద్ అశోక్‌నగర్ ఇరుకు గదుల్లో, వాయిదా మీద వాయిదా మింగుతూ, చదివిందే చదువుతూ కూర్చున్న ఆడపిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఒక్కరి పుస్తకం కూడా ఎవరో నడుము పట్టుకున్నంత మాత్రాన మాయమైపోలేదు.

ప్రకటనల మధ్యలో మా ఇంట్లో జరిగేది ఇది:

‘ఏమండీ, మాత్ర వేసుకున్నారా?’
‘వేసుకున్నాను.’
‘అబద్ధం. లెక్క చూశాను, ఒకటి ఎక్కువుంది.’

నాన్న లేచి వంటింట్లోకి వెళ్తారు. నలభై ఏళ్లు దాటిన కాపురం. ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు జారలేదు.

‘కార్తీకదీపం’ అభిమానులు నన్ను మన్నించాలి. 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచిన ఆ సీరియల్లో, పిల్లలు పుట్టే యోగం తనకు లేదన్న అబద్ధాన్ని నమ్మి డాక్టర్ బాబు కట్టుకున్న భార్యను అనుమానించాడు. డీఎన్ఏ పరీక్ష చేయించుకోవచ్చు కదా నాయనా అని రెండు రాష్ట్రాలూ ముక్తకంఠంతో అడిగాయి. విభజన తర్వాత మనం ఒక్క మాట మీద నిలబడింది బహుశా అప్పుడే. నా గొడవ ఆ పరీక్ష గురించి కాదు. రంగు చూడకుండా మనసు చూసి ప్రేమించాడని మొదట చెప్పింది వాళ్లే కదా. అంత లోతుగా మనసు చూసినవాడికి ఆ మనసు మీద ఒక్క పూట నమ్మకం నిలవలేదెందుకు? పైగా నల్లపిల్లను ప్రేమించే కథకు నల్లపిల్ల దొరకలేదు. మలయాళ మాతృకలో చేసిన నటినే తెచ్చి, మేకప్‌తో నలుపు పూశారు. ప్రేమ ఎంత నిజమో రంగూ అంతే నిజం.

మళ్లీ మన కవరు జంట దగ్గరికి వస్తాను. వాళ్లకు పెళ్లి ఎలా జరిగిందో ఇంతవరకు చెప్పలేదు. కావాలనే వెనకేశాను. ఆమెకు వేరొకరితో పెళ్లి జరుగుతుంటే ఈ నాయకుడు పందిట్లోంచి ఎత్తుకెళ్లాడు. తన తండ్రి చావుకు ఆమె తండ్రి కారణమని అతని అనుమానం. గుడిలో ఇద్దరు మనుషులు ఆమె చేతులు పట్టుకోగా మెడలో మూడు ముళ్లు వేశాడు. ఆమె ఏడుస్తోంది. పెద్దావిడ ముందుకు వచ్చి, ‘ఎలా కట్టినా తాళి తాళే తల్లీ’ అంది. ఆ తర్వాత నాలుగు వందల ఎపిసోడ్లుగా ఆమె అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఇప్పుడిప్పుడే ఆమె మనసు కరుగుతోందని, ఇది గొప్ప ప్రేమకథ అని ప్రోమోలో వేస్తున్నారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. పెళ్లి కోసం స్త్రీని ఎత్తుకెళ్లడం నేరం. నిన్నటి శిక్షాస్మృతిలోనూ ఇవాళ్టి న్యాయ సంహితలోనూ పదేళ్ల దాకా జైలు ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం బలవంతపు పెళ్లిని రద్దు చేయించుకునే హక్కు ఇచ్చింది. అయితే ఆ బలవంతం తొలగిన ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. సీరియల్లో ఏడాదంటే వారానికి ఆరు చొప్పున 312 ఎపిసోడ్లు. అంతసేపూ ఆమెను పోపుల డబ్బా ముందు నిలబెట్టి, గడువు దాటించి, అప్పుడు ప్రేమ పుట్టించారు. తెర మీద ఎవడైనా సిగరెట్ ముట్టిస్తే కింద హెచ్చరిక వేస్తారు. ఒక అమ్మాయి చేతులు విరిచి తాళి కడుతుంటే సన్నాయి వేస్తారు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. అందులో ఒకరు చనిపోయారు. వాళ్లలో ఒక అమ్మాయి కాదనడమే అక్కడ నేరమైంది, ఆ కక్షకూ ప్రేమ అనే పేరు పెట్టారు. కాదన్న అమ్మాయి ఎప్పటికైనా అవునంటుందని, అందుకు కొంచెం బలం, కొంచెం ఓపిక ఉంటే చాలునని ప్రతి ఇంట్లో, అన్నం తినే వేళకు, పిల్లలు వింటుండగా చెబుతున్నారు. కథ నమ్మేలా లేదని కాదు నా బాధ, నమ్మేవాళ్లు ఉన్నారని. సిగ్గుండాలి.

క్షమించాలి, గొంతు పెరిగింది. నిన్నటి ఎపిసోడ్ సంగతి చెప్పి లేస్తాను.

చెల్లెలి నిశ్చితార్థం. అదే హాలు, అదే 14 మంది, అవే వడ్డాణాలు. మరిది కొత్త కోటు వేసుకున్నాడు. ఉంగరం తొడగబోతుండగా మేనత్త ఆగమంది. పిడుగులు మొదలయ్యాయి. నేను లెక్కపెట్టడానికి పెన్ను తీశాను. అమ్మ మాత్రం ముఖాల వైపు చూడటం లేదు. కళ్ళజోడు సవరించుకుని, తెర కింది భాగం వైపు వంగి చూస్తోంది.

‘ఏమిటమ్మా?’

‘వారం దాటింది. ఆ నూనె ఒక్కరూ తుడవలేదు చూడు.’