చిన్న కుక్కే కదా అనుకుంటే

విజయనగరం కంటోన్మెంటు వీధుల్లోనో, కోట చుట్టుపక్కలనో పొద్దున్నే నడిస్తే, గొలుసు కట్టి తిప్పుతున్న కుక్కల్లో అచ్చమైన సీమజాతివీ కాక, పూర్తిగా ఊరకుక్కలూ కానివి చాలానే కనబడతాయి. పామేరియన్ బొచ్చు, వీధికుక్క కాళ్లు కలిసిన ఈ చిన్న కుక్కలను మనవాళ్లు ‘క్రాస్’ అంటారు. మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉన్నదీ అలాంటిదే. దాని పెంపకంలో నేను చేసిన పొరపాట్లనూ, ఇరుగుపొరుగు ఇళ్లలో చూస్తున్నవాటినీ కలిపి ఆలోచిస్తే, కుక్క చిన్నది కనుక దాని అవసరాలూ చిన్నవేననుకోవడమే చాలా అనర్థాలకు మూలమని నాకు తోస్తుంది.

ముందుగా తిండి సంగతి. 6 కిలోలుండవలసిన కుక్క ఒక్క కిలో పెరగడమంటే, 60 కిలోల మనిషి 10 కిలోలు పెరగడంతో సమానం. ఇంట్లో నలుగురూ తలా ఒక బిస్కెట్టు పెట్టి, ఎవరికి వారు తాము పెట్టింది ఒక్కటే కదా అనుకుంటారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి మనం తినే కూరన్నం దానికి తగదు. పరమాన్నంలోని కిస్మిస్ మూత్రపిండాలకు చేటు. విషం మోతాదు శరీర బరువును బట్టి ఉంటుంది గనుక, పెద్ద కుక్క తట్టుకోగలిగినంత పరిమాణమే చిన్నదానికి ప్రాణాంతకం కావచ్చు. మందుల విషయంలోనూ ఇంతే. కుక్క సహజ ఉష్ణోగ్రతే సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అది తెలియక, కొత్తలో దాని ఒళ్లు వెచ్చగా తగిలితే జ్వరమనుకుని నేను పారాసిటమాల్ బిళ్ల సగం విరిచాను. ‘డాక్టరునడక్కుండా వెయ్యకురా’ అని మా అమ్మ చేయి పట్టుకుని ఆపింది. ఆ బిళ్ల కుక్క కాలేయాన్ని పాడుచేయగలదని తరువాత తెలిసినప్పుడు నాకు వణుకు పుట్టింది.

మన ఉక్కపోత మరో పరీక్ష. కుక్క ప్రధానంగా రొప్పి, నాలుక మీది తడి ఆరడం ద్వారానే చల్లబడుతుంది; గాలిలో తేమ నిండిన మే నెలలో ఆ తడి సరిగా ఆరదు. పైగా పొట్టి కుక్క పొట్ట కాలిన రోడ్డుకు దగ్గరగా ఉంటుంది. అందుకని బొచ్చంతా గొరిగించడం పరిష్కారం కాదు, ఎందుకంటే రెండు పొరల ఆ బొచ్చే ఎండ నేరుగా చర్మాన్ని తాకకుండా కాపాడుతుంది. ఎండెక్కకముందే నడిపించి, మధ్యాహ్నం నీడా నీళ్లూ అందుబాటులో ఉంచడమే మార్గం.

క్రాస్ కుక్కకు రోగాలు రావన్న నమ్మకం కూడా సగమే నిజం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం 24 వంశపారంపర్య వ్యాధులను పరిశీలించగా, 10 వ్యాధులే శుద్ధజాతుల్లో ఎక్కువగా కనిపించాయి. 13 వ్యాధుల్లో తేడా లేదు. మోకాటి చిప్ప జారడం, శ్వాసనాళం నొక్కుకుపోవడం వంటివి చిన్న కుక్కల్లో తరచుగా వచ్చేవే. అందుకే మెడపట్టీ కంటే ఛాతీకి వేసే హార్నెస్ మేలు. పెద్ద కుక్కకున్న 42 పళ్లే ఆ చిన్న దవడలోనూ ఇరుక్కుని ఉంటాయి కనుక గార త్వరగా పడుతుంది. జిల్లాలోనే, గరివిడిలో, పశువైద్య కళాశాల ఉన్నా నోటి దుర్వాసన భరించలేనిదయ్యేదాకా కుక్క నోరు తెరిచి చూసేవారు అరుదు.

టీకా దగ్గర మాత్రం ఉపేక్షను నేను క్షమించలేను. ‘ఇంటి కుక్కే, గాటు కూడా పడలేదు’ అంటారు. గేటు సందులోంచి వీధికుక్కతో ఒక్క పెనుగులాట చాలు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషినైనా, కుక్కనైనా బతికించడం దాదాపు అసాధ్యం. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆపై వైద్యుడు చెప్పిన గడువుకు బూస్టర్ తప్పనిసరి. చిన్న గాటునైనా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొలి రేబిస్ టీకా వేసిన రోజును పురస్కరించుకుని, ఏటా అదే తేదీన మన పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తున్నారు. అప్పుడైనా తీసుకెళ్లకపోవడానికి ఖర్చు సాకు కాదు.

మరొక విషయం మన ప్రాంతానికి ప్రత్యేకించి వర్తిస్తుంది. ఇలాంటి కుక్కలు సాధారణంగా 12 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి. ఏడో తరగతిలో పట్టుబట్టి పిల్లను తెప్పించుకున్న కుర్రవాడు, అది మూడేళ్లదయ్యేసరికి విశాఖ హాస్టలుకూ, తరువాత హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతాడు. ముసలితనంలో దాన్ని మెట్లెక్కించేదీ, రాత్రివేళ బయటికి తీసుకెళ్లేదీ మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలే. అందుచేత కుక్కపిల్లను తేవాలా వద్దా అన్నది అడిగిన పిల్లవాడితో కాదు, ఆ ఇంట్లో మిగిలిపోయే పెద్దలతో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం.